తీర్థం పట్టిన చెయ్యి

పోయినవారం కౌసల్యను ఒక ఫోటో ముందు నిలబెట్టి వదిలేశాను. పాపం, వారం నుంచీ అక్కడే నిలబడి ఉంది. ఆమెను కదిలించేముందు, ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి తీరాలి. లేకపోతే "ఎవరమ్మా ఈ కౌసల్య?" అని నన్ను తిట్టుకుంటారు.

కౌసల్య తండ్రి వెంకటేశం సుల్తాన్‌పూర్ రైతు. మూడు పుష్కరాల కిందట ఇంట్లో చెప్పకుండా ధర్మపురి వెళ్ళి, నరసింహస్వామి గుడిలో దేవమ్మ మెడలో పుస్తె కట్టి, గోదావరిలో కొంగుముడితో సరిగంగ స్నానం చేసి, ఆమెను ఊరికి తెచ్చుకున్నాడు. ఇది దేవమ్మ చెప్పే మాట. కౌసల్య నడక నేర్చేనాటికి వెంకటేశం జ్వరమొచ్చి పోయాడు. ఆయన తమ్ముడు సత్తయ్య చెప్పే మాట వేరు: "ఆమె మా అన్న పెండ్లాం కాదు, తెచ్చి పెట్టుకున్న మనిషి." ఊరు సత్తయ్య మాటే నమ్మింది. ఎందుకు నమ్మదు? బావి ఆయనది, ఎడ్లు ఆయనవి, పటేలు ఆయన. కొంగుముడి వేసింది ఆ అన్నదమ్ముల చెల్లెలు మల్లమ్మేనని దేవమ్మ అప్పట్లో నెత్తీనోరూ కొట్టుకుంది. మల్లమ్మ మాత్రం "నేను ధర్మపురి మొకమే సూడలె" అని తలుపేసుకుంది. ఆనాటి నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు.

తల్లీకూతుళ్ళు ఊరి చివర, వెంకటేశం మెట్ట చెలకలోనే, రేకుల ఇంట్లో బతుకుతున్నారు. ఇప్పుడా చెలకను సత్తయ్య, ఊరి పక్కన వెలిసిన ప్లాంటు ఉద్యోగుల హౌసింగు సొసైటీకి అమ్మబోతున్నాడు. దేవమ్మ వెంకటేశం భార్యేనా కాదా అన్నది రేపు పొద్దున మండలాఫీసులో తేలుస్తారు. అవునంటే చెలక ఆమెది. కాదంటే రేకుల ఇల్లు కూడా ఖాళీ చేయాలి. ఇల్లు పోతే పోయింది, ఆ పాడుమాట ఇన్నాళ్ళూ ఊరి నోట్లో ఉన్నది రేపటి నుంచి సర్కారు ముద్రతో ఉంటుంది.

సరిగ్గా ఈ సమయంలోనే గోదావరి పుష్కరాలొచ్చాయి. ప్లాంటు టౌన్‌షిప్పులో తెలుగు సంఘంవాళ్ళు కమ్యూనిటీ హాల్లో 'పాత ధర్మపురి' అని ఫోటోల ప్రదర్శన పెట్టారు. ఫోటోలు తీసింది సంగారెడ్డిలో ఒకప్పుడు స్టూడియో నడిపిన సంగప్ప. ఆయన పోయాక అటక మీద మిగిలిన గాజు నెగటివు ప్లేట్లను తెచ్చి, కడిగి, పెద్ద సైజులో ప్రింట్లు వేసింది ప్లాంటు ఫోర్‌మన్ కామేశ్వరరావు. ఉద్యోగం మిషన్లతో, ప్రాణం కెమెరాతో. ఆ హాలు ఊడ్చి, ఫోటోలకు మేకులు అందించింది టౌన్‌షిప్పు బాలవాడి ఆయా కౌసల్య. అలా అందిస్తూ అందిస్తూ ఒక ఫోటోలో చిటికెన వేలు లేని ఒక మగమనిషిని చూసింది. తన తండ్రికి చిటికెన వేలు లేదని ఆమెకు తెలుసు.

అక్కడ ఆపాను. ఇక పదండి.

ఆదివారం మధ్యాహ్నం. హాల్లో కాలు పెట్టే చోటు లేదు. బయట తుంపర పడుతోంది, గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి వీస్తోంది, అందుకని కిటికీలన్నీ మూసేశారు. లోపల సాంబ్రాణి, తడి గొడుగులు, మల్లెపూలు కలిసి ఊపిరాడనివ్వడం లేదు. గోడల వెంబడి ఆడవాళ్ళు ఒక్కో ఫోటో దగ్గరా ఆగి గోదావరిని పంచుకుంటున్నారు.

"మా రాజమండ్రి గోదారి ముందు ఇదేం గోదారండీ, పిల్లకాలువ" అంది ఒకావిడ.

"నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరుకున్నాం గానీ, ఇదే నీళ్ళు మీ ఊరికొస్తున్నయి తల్లీ. మేం తానాలు చేసినంకనే మీరు చేస్తరు" అంది పక్కనున్న సిద్దిపేట ఆవిడ. నవ్వులు.

కౌసల్యకు ఆ నవ్వులేవీ చెవికెక్కడం లేదు. ఆమె తల్లి చెయ్యి పట్టుకుని ద్వారం వైపే చూస్తోంది. దేవమ్మ రానంటే రానంది. "నాకెందుకే ఫోటోలు, ఉన్నప్పుడు సూసిన మనిషే" అంది. బతిమాలి, కోప్పడి, చివరికి ఒట్టు పెట్టి తెచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ దేవమ్మ ఆ ఫోటోకు వీపు చేసి నిలబడి ఉంది. తిరిగి చూడదు. ఏం మనిషో అనుకుంది కౌసల్య.

వాకిట్లో జీపు ఆగింది. సత్తయ్య దిగాడు. తెల్ల ధోవతి, భుజాన జరీ కండువా, నడకలో పటేలు దర్జా. ముఖ్య అతిథి ఆయనే. ఎందుకు కాడు? సొసైటీ కార్యదర్శి బాపిరాజుకు ఆయనిప్పుడు సాక్షాత్తూ ప్లాట్లు పండించే దేవుడు. దండ వేసి, మైకు ముందు కూర్చోబెట్టి, "మన ప్రాంతపు పెద్దమనిషి" అని పది మాటలు పొగిడాడు. సత్తయ్య వెనకే, రెండు అడుగుల దూరంలో, ముదురురంగు చీర నెత్తి మీదుగా కప్పుకుని మల్లమ్మ. మొగుడు పోయిననాటి నుంచి అన్న ఇంట్లోనే తిని, అన్న ఇంట్లోనే పడుకుంటుంది. ఆమె కళ్ళెలా ఉంటాయో ఎవరికీ తెలియదు, ఎప్పుడూ నేలే చూస్తుంది.

జ్యోతి వెలిగించడం అయింది. చప్పట్లయ్యాయి. బాపిరాజు సత్తయ్యను ఒక్కో ఫోటో దగ్గరికీ తిప్పుతున్నాడు. ఆ ఫోటో దగ్గరికి రాగానే కౌసల్య అడ్డంగా నిలబడింది.

"చిన్నాయినా, గీ ఫోటో జెర మంచిగ సూడు."

బాపిరాజు మొహం చిట్లించాడు. "కౌసల్యమ్మా, ఇప్పుడు కాదు, పెద్దవాళ్ళున్నారు."

"ఉండనీయి సారూ. అన్న పేరు జెప్పుకొని బతికే పిల్ల, ఏదో సూపెడతనంటది. సూద్దాం." సత్తయ్య కళ్ళద్దాలు తగిలించుకున్నాడు. "గోదారి. జనం. అయితేంది?"

"నడుమ ఎవరున్నరు?"

ఫోటో మధ్యలో రేవు ఆఖరి మెట్టు మీద ఒక జంట. ఆయన తల వంచుకుని తమ కొంగుముడి వైపు చూస్తున్నాడు, మొహం సరిగ్గా కనబడదు. ఆమె సిగ్గుతో కొంగు పెదాల దాకా లాక్కుంది. ముడి వేస్తున్న రెండు చేతులు మాత్రం ఫోటో అంచులోంచి లోపలికి వచ్చాయి. ఆ చేతులున్న మనిషి లేదు. అట్టకు అతికించేటప్పుడు అంచు కోతలో పోయింది. జంట పక్కన ఒక పంతులుగారు వంగి ఉద్ధరిణెతో తీర్థం పోస్తుంటే జనం చేతులు చాచి పడుతున్నారు.

"పుష్కరాలకు లచ్చల మంది పోతరు. అండ్ల నీకు మీ నాయిన దొరికిండా?"

"చెయ్యి సూడు. చిటికెన వేలు లేదు."

సత్తయ్య వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కండువా పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. దొరికాడు, ఇక తప్పించుకోలేడు అనుకుంది కౌసల్య.

అప్పుడు సత్తయ్య నవ్వాడు.

"అవు, లేదు" అన్నాడు హాలంతా వినబడేలా. "మా అన్నకు గూడ లేకుండె. చెరుకు గానుగల వడ్డది. నేనే గుడ్డ సుట్టిన, నేనే బండి గట్టి సంగారెడ్డి దవాఖానకు తీస్కపోయిన. ఏ చేతి వేలో నీకెరుకేనా?"

కౌసల్య మళ్ళీ ఫోటో వైపు తిరిగింది. ఆమెకు తెలిసింది వేలు లేదని మాత్రమే.

"నీకెట్ల ఎరుకైతది? సుల్తాన్‌పూర్ల ముసలోళ్ళు ఇంకా బతికే ఉన్నరు, పోయి అడుగు. ఎడమచెయ్యి. మరి గీయన పోగొట్టుకున్నది ఏ చేతిది? బాపిరాజు సారూ, మీరు సదువుకున్నోళ్ళు, మీరే జెప్పుండ్రి. కుడినా, ఎడమనా?"

బాపిరాజు అద్దం దాకా వంగాడు. "కుడిచెయ్యేనండీ."

"ఇన్నరు గద! ఇంతకాలం మా అన్న పేరు వాడుకున్నరు, వోనీ అని ఊకున్న. ఇయ్యాల ఎవడో పరాయి మొగోని బొమ్మ పట్టుకొచ్చి, గీడే మా అన్న అంటున్నరు. సిగ్గుండాలె మనిషికి!" ఆయన దేవమ్మ వీపు వైపు తిరిగాడు. "ఏమే, ఇంక ఎంతకు దిగుతరే మీరు?"

ఇందాక గోదావరి పంచుకున్న ఆడవాళ్ళు ఇప్పుడు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. ఆ చెలకలో వాళ్ళవీ ప్లాట్లున్నాయి. సొంతిల్లు కట్టుకోవాలని ఉన్న మనిషికి ఎదుటివాడి ఇల్లు కూలుతుంటే కళ్ళు పక్కకు తిరుగుతాయి.

మల్లమ్మ మాత్రం ఫోటో వైపు చూసింది. తల ఎత్తి, మొదటిసారి. ఆ రెండు చేతుల్నీ చూసింది. వెంటనే తన చేతుల్ని చీర కొంగులో దాచుకుంది. ఈ సంగతి కౌసల్య గమనించలేదు. ఆమె తల్లి వైపు చూస్తోంది.

ఆ చూపే తప్పు. కానీ ఎవరైనా అలాగే చూసేవారు. "అవ్వా" అంది. "నాయినకు ఏ చేతి వేలు లేకుండె?"

"ఎడమచేతిదే" అంది దేవమ్మ.

"మరి గిదేంది? గీయన నాయిన కాదా? నిజం జెప్పవ్వా. ధర్మపురికి పోయిన్రా అసలు? పెండ్లి అయిందా?"

అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. ఊరంతా అన్నప్పుడు ఏడ్వని దేవమ్మ, కూతురు అడిగేసరికి మొహం మీద కొట్టినట్టు వెనక్కి జరిగింది.

"మీ నాయిన సచ్చిన నాడు అందరి ఇండ్లల్ల జేసినట్టు నన్ను కూసోబెట్టి, గాజులు తీసి, బొట్టు తుడవాలె గద? ఎవ్వలు రాలె బిడ్డా. జేస్తె పెండ్లాం అని ఒప్పుకున్నట్టయితదని నన్ను ముట్టలె. పొద్దంత వాకిట్ల కూసున్న. ఆఖరికి నేనే రాయి మీద గాజులు కొట్టుకున్న." ఆమె గొంతు పెంచలేదు. "మొగడు కాకపోతె ఎవరి కోసం కొట్టుకున్ననే?"

కౌసల్యకు ఎక్కడన్నా దూరి చచ్చిపోదామనిపించింది. కన్నతల్లిని నలుగురిలో అడగరాని మాట అడిగింది. సత్తయ్య అన్న మాట నేడో రేపో మరిచిపోవచ్చు, తను అన్న మాట ఈ జన్మలో మరిచిపోలేదు.

సత్తయ్య చాలనుకున్నాడు. "పా సారూ, చాయ తాగుదాం" అని బాపిరాజు భుజం మీద చెయ్యేసి వరండాలోకి నడిచాడు. మల్లమ్మ ఆయన వెనకే వెళ్ళింది.

హాలు మళ్ళీ మెల్లగా మాటల్లో పడింది. ధర్మపురి నుంచి క్యాన్లలో తెచ్చిన పుష్కర జలం పంచుతున్నారు. వరస కదులుతూ కదులుతూ కౌసల్యను కూడా ముందుకు నెట్టింది. ఆమెకు ఒంటి మీద స్పృహ లేదు. కుడిచేత్తో తల్లి చెయ్యి వదలకుండా పట్టుకుని ఉంది. పంతులుగారు ఉద్ధరిణె ఎత్తేసరికి, ఖాళీగా ఉన్న చెయ్యి చాపింది.

"కుడిచెయ్యమ్మా, కుడిచెయ్యి!" పంతులుగారు కసురుకున్నారు. "ఎక్కడైనా ఎడమచేత్తో తీర్థం పడతారా?"

కౌసల్య ఉలిక్కిపడి చెయ్యి మార్చింది. తీర్థం పుచ్చుకుంది, తడి చెయ్యి నెత్తికి రాసుకుంది. రాసుకుంటున్న చెయ్యి నెత్తి మీదే ఆగిపోయింది.

ఎడమచెయ్యి.

జనాన్ని తోసుకుంటూ ఫోటో దగ్గరికి పరిగెత్తింది. జంటను చూడలేదు, వేలు చూడలేదు. పక్కనున్న పంతులుగారిని చూసింది. ఆయన ఉద్ధరిణె పట్టుకున్నది ఎడమచేత్తో. సరే, ఆయనొక్కడే ఎడమచేతివాటం అనుకుందాం. తీర్థం పడుతున్న ముసలాయన చాచింది ఎడమచెయ్యి. ఆయన వెనక చంటిపిల్లను ఎత్తుకున్న తల్లిదీ ఎడమచెయ్యే. ఆ వెనక, ఆ వెనక, మెట్ల మీద ఎంతమంది దోసిలి పట్టకుండా చెయ్యి చాచారో అందరిదీ ఎడమచెయ్యే. గోదావరి ఒడ్డున, పుష్కరాల నాడు, పంతులుతో సహా ఊరు ఊరంతా ఎడమచేత్తో తీర్థం పడుతోంది!

మేకులు కొట్టిన రోజు నుంచీ ఈ ఫోటోలో ఏదో తేడా ఉందని ఆమెకు అనిపిస్తూనే ఉంది. ఇప్పుడు తెలిసింది. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది.

"కామేశ్వరరావు సారూ!"

స్టేజీ వెనక గదిలో కామేశ్వరరావు ప్లేట్లన్నీ గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దుకుంటున్నాడు. వేలు గొడవంతా ఆయన చెవిన పడింది. పడినా బయటికి రాలేదు. మంచివాడే, కానీ గొడవంటే ప్లాంటు సైరన్ మోగినంత భయం.

"సారూ, మనుషులు అద్దంల అవుపడ్డట్టు, ఫోటో ఎడమ కుడి మారి అచ్చయితదా?"

"ఎందుకవుతుందమ్మా? అంత అజాగ్రత్తగా..." ఆయన ఆగాడు. "ఏం?"

"పంతులు ఎడమచేత్తోని తీర్థం పోస్తుండు. అందరు ఎడమచేత్తోనే పడుతున్నరు. మీరే సూడుండ్రి."

కామేశ్వరరావు గబగబా హాల్లోకి వెళ్ళాడు, ఫోటో చూశాడు, అంతకన్నా గబగబా వెనక్కి వచ్చాడు. పెట్టెలోంచి ఆ ప్లేటు తీసి గుడ్డ విప్పాడు. రెండు వైపులా వెలుగులో వంచి చూశాడు, గోరుతో అంచు గీకాడు.

"అయ్యో, అయ్యయ్యో! ఎంత పని చేశాను!" అన్నాడు. "గాజుకు మందు పూసిన వైపు మసగ్గా ఉంటుందమ్మా. ఆ మసకవైపు కిందకి పెట్టి ప్రింటు వేయాలి. సంగప్పగారు దీనికెందుకో వార్నిష్ పూశారు, రెండు వైపులా ఒకేలా మెరుస్తోంది. తిరగేసి పెట్టేశాను. చూసుకోలేదమ్మా, చూసుకోలేదు. కుడిది ఎడమ, ఎడమది కుడి అయిపోయింది."

"అంటే ఆ వేలు..."

"ఎడమచేతిదే."

కౌసల్య గోడకు ఆనుకుంది. తలుపు దగ్గరకొచ్చి నిలబడిన తల్లి వైపు చూసింది. ఇందులో కొత్తగా తెలియాల్సింది దేవమ్మకేముంది?

"ఆగమ్మా" అన్నాడు కామేశ్వరరావు. ఆయనలోని ఫోటోగ్రాఫరు మేల్కొన్నాడు. "అట్ట కోసం అంచు కోసేశాను కదా, ప్లేటులో మొత్తం ఉండాలి." బల్ల మీద నల్లగుడ్డ పరిచాడు. దాని మీద ప్లేటును ఈసారి సరైన వైపు తిప్పి పట్టుకుని, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా కొంచెం వంచాడు. అప్పటిదాకా నెగటివులో దెయ్యాల్లా నల్లమొహాలతో ఉన్న మనుషులు ఒక్క క్షణంలో మామూలు మనుషులైపోయారు. పంతులుగారి కుడిచేతిలో ఉద్ధరిణె మెరిసింది. జనమంతా కుడిచేతులు చాచారు. వెంకటేశం ఎడమచెయ్యి చిటికెన వేలు లేకుండా కొంగుముడి మీద ఉంది.

ఆ ముడి వేస్తున్న రెండు చేతుల వెనక ఒక పిల్ల ఉంది. పదహారేళ్ళుంటాయేమో. ముడి వేస్తూ వేస్తూ కెమెరా చూసి నవ్వింది. కామేశ్వరరావు భూతద్దం పెట్టాడు. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు.

ఆ పచ్చబొట్టు సుల్తాన్‌పూర్‌లో ఎవరి గడ్డం మీద ఉందో కౌసల్యకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ గడ్డం వంచుకునే తనను దాటిపోయేది రోజూ.

"మల్లమ్మత్త!" అంది.

"రావుగారూ." బాపిరాజు ఎప్పుడొచ్చాడో, గది మధ్యలో నిలబడి ఉన్నాడు. గొంతు తగ్గించాడు. "ఏదో పొరపాటు జరిగింది, ఒప్పుకుంటాను. కానీ రేపు పొద్దున విచారణ. ఆ ప్లేటు పెట్టెలో పెట్టేసి తాళం వేయండి. ఆ చెలకలో మీ ప్లాటు కూడా ఉంది, మర్చిపోకండి. తూర్పు మొహం కావాలని మీరే గొడవ చేసి మరీ రాయించుకున్నారు."

కామేశ్వరరావు ఆయన వైపు చూశాడు, ప్లేటు వైపు చూశాడు. క్వార్టర్లలో ఇరవయ్యేళ్ళ బతుకు. రిటైరయ్యాక ఎక్కడికి పోవాలన్న బెంగ. తూర్పు మొహం ఇల్లు. అన్నీ ఆయన కళ్ళలో కనబడ్డాయి.

"తిరగేసి వేసింది నేనండీ" అన్నాడు చివరికి. "సరిగ్గా వేయాల్సింది కూడా నేనే. సాయంత్రానికి ప్రింటు ఇస్తానమ్మా."

బాపిరాజు ఏదో అనబోయాడు. అప్పుడే తలుపు దగ్గర గాజులు లేని చేతులు రెండు చెక్క పట్టుకున్నాయి.

మల్లమ్మ.

"జీపుల కూసోలేకపోయిన" అంది, ఎవరూ అడగకముందే. బల్ల దగ్గరికి వచ్చింది. ప్లేటులో నవ్వుతున్న పిల్లను చూసింది. ముడతలు పడ్డ వేళ్ళతో గడ్డం మీది చుక్కలు తడుముకుంది. "గంత మంచిగ నవ్వేదాన్నా నేను?"

కామేశ్వరరావు ప్లేటును ఆమె వైపు ఇంకొంచెం వంచాడు.

"సిన్నప్పుడు పెద్దన్న నన్ను భుజమ్మీద ఎక్కించుకొని జాతర సూపెట్టిండు. ఆనాడు రేవుల, ఆడపడుచువు నువ్వే ముడెయ్యాలె, గట్టిగ ఎయ్యి, ఇప్పితె ఇప్పరాకుండ అన్నడు. గట్టిగనే ఏసిన." ఆమె దేవమ్మ వైపు తిరిగింది గానీ కళ్ళెత్తలేదు. "నా పెనిమిటి పోయినంక సత్తన్న ఇంట్ల కూడు తిన్న. తిన్న నోటితోని ఆయన జెప్పమన్నదే జెప్పిన. ఎవ్వన్ని తప్పు వట్టను. తినుడు నేనే తిన్న."

దేవమ్మ కదల్లేదు. మల్లమ్మ ఒక్కో అడుగూ వేసి ఆమె ముందు దాకా వచ్చి, వంగి, ఆమె పాదాల మీద చెయ్యి పెట్టింది.

"వదినే" అంది.

ఒక్క మాట. ఆ మాట కోసం దేవమ్మ తన నల్లజుట్టు తెల్లబడేదాకా ఎదురుచూసింది. ఊళ్ళో ఎవరి పెళ్ళిలోనూ, ఎవరి చావులోనూ, బావి దగ్గరా, బోనాల దగ్గరా ఆమెను ఆ పిలుపుతో ఎవరూ పిలవలేదు. దేవమ్మ వంగింది. మల్లమ్మను భుజాలు పట్టి లేపింది, లేపి గుండెకు హత్తుకుని, చిన్నపిల్లలా భోరుమంది. గాజులు కొట్టుకున్న నాడు కూడా ఇలా ఏడ్చి ఉండదు.

"ఆహా."

సత్తయ్య గుమ్మంలో ఉన్నాడు. చెల్లెల్ని వెతుక్కుంటూ వచ్చాడు. వదినే అన్న మాట ఆయన కూడా విన్నాడు. మొహంలో ఇందాకటి నవ్వు లేదు, కోపమూ లేదు. నింపాదిగా లోపలికి వచ్చి, ఎవరూ కదిలేలోపే నల్లగుడ్డ మీద నుంచి గాజు ప్లేటును రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

"మా మల్లమ్మ ఉన్నది గిండ్లనా?"

"సత్తయ్యగారూ, జాగ్రత్తండీ!" కామేశ్వరరావు కేకపెట్టాడు. "చాలా పలచటి గాజది. అదొక్కటే ఉంది. పగిలితే మళ్ళీ రాదు!"

పిచ్చి బ్రాహ్మడు! ఆ మాట ఇప్పుడు చెప్పాలా?

"గట్లనా?" అన్నాడు సత్తయ్య. ప్లేటును నాపరాళ్ళ నేల మీదుగా, ఛాతీ ఎత్తున పట్టుకున్నాడు. కౌసల్య ముందుకు దూకబోయింది. తల్లి ఆమె రెక్క పట్టి ఆపింది.

"మల్లమ్మా" అన్నాడాయన, ఇంట్లో మంచినీళ్ళు అడిగినంత మామూలుగా. "రేపు మండలాఫీసుల ఏం జెప్తవో గిప్పుడే జెప్పు. గీళ్ళందరి ముంగట. జెప్పినంక జీపెక్కు, ఇంటికి పోదాం. నువ్వు లేకపోతె ఇంట్ల పొయ్యి గూడ ముట్టదు."

ఆ మాటలో బెదిరింపు ఎంత ఉందో, అలవాటైన అన్న ప్రేమ కూడా అంతే ఉంది. అందుకే అది మల్లమ్మకు గట్టిగా తగిలింది. ఆమె ఒకసారి అన్నను చూసింది. ఎత్తిన కళ్ళు దించలేదు. ఆ తరువాత ప్లేటులో నవ్వుతున్న పిల్లను చూసింది.

"పలగ్గొట్టుకో అన్నా" అంది. కొంగులోంచి రెండు చేతులూ బయటికి తీసి, అందరికీ కనబడేలా ముందుకు చాపింది. "బొమ్మ నీ చేతిల ఉన్నది. ముడేసిన చేతులు నా దగ్గరున్నయి."

సత్తయ్య చెల్లెలి చేతుల వైపే చూస్తూ ఉండిపోయాడు. గాజు ప్లేటును పట్టుకున్న ఆయన వేళ్ళు మెల్లగా వదులయ్యాయి. పోయినవారం కౌసల్యను నిలబెట్టినట్టే, ఈవారం ఆయన్ను ఇక్కడే నిలబెట్టి వదిలేస్తున్నాను.